అనుభవమును తూచు రాళ్లు

పఠనీయ భాగములు: సామెతలు 20:10, ద్వితీయోపదేశకాండము 13:1-4, 2 కొరింథీయులకు 12:1-10, 1 యోహాను 4:1-3, 2 పేతురు 1:16-19.

ముఖ్యాంశము: భక్తుని అనుభవము విలువగలదే, అయితే అది తనకు తానే న్యాయాధిపతి కాజాలదు. పొరుగువాని అనుభవమును ఏ రాతితో తూచునో, ఆ రాతితోనే విశ్వాసి తన అనుభవమును కూడ తూచుకొనవలెను.

1. పుదుచ్చేరిలో పుట్టు ప్రశ్న

పుదుచ్చేరి పట్టణములో, సముద్రతీరమునకు కొద్ది దూరమున, శ్రీ అరవిందుల ఆశ్రమము ఉన్నది. దాని ముంగిట చెట్టునీడను పూలతో అలంకరింపబడిన సమాధి కలదు. దేశదేశములనుండి వచ్చినవారు దానిచుట్టు మాటలేక కూర్చుందురు. అదే పట్టణములో ఫ్రెంచివారి కాలమునుండి నిలిచియున్న క్రైస్తవ దేవాలయములును, మసీదులును, కోవెలలును ఉన్నవి. ఈ కేంద్రపాలిత ప్రాంతమునకే చెందిన యానాము తెలుగు నేల. కాబట్టి పుదుచ్చేరి మాట తెలుగు విశ్వాసులకు పరాయి మాట కాదు. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరిట నెలకొల్పబడిన జాతీయ బహుమానమును శ్రీ అరవిందులకే ఇచ్చెను.

ఇట్టి పట్టణములో కాపురముండు విశ్వాసికి ఒకనాడు కాకున్న ఒకనాడు ఒక ప్రశ్న ఎదురగును. ఆశ్రమమునకు పోయివచ్చిన పొరుగువాడు, "అచ్చట నాకు చెప్పలేని శాంతి దొరికినది" అనును. విశ్వాసి, "నాకు ప్రభువునందు దొరికినది" అనును. ఇద్దరి మాటలను విన్న మూడవవాడు, చదువుకొన్నవాడు, "ఇవి రెండును మనస్సు ఆడు ఆటలే" అని నవ్వును. మొదటివానికి జవాబు చెప్పుటకు విశ్వాసి ఆ మూడవవాని వాదమును అరువు తెచ్చుకొనుట కద్దు. పొరుగువాని శాంతి భ్రమయనియు, తనది మాత్రము సత్యమనియు చెప్పుట సుళువు. కాని అది న్యాయమా? ఈ పాఠము విచారించు సంగతి ఇదియే.

2. శ్రీ అరవిందుల అనుభవములు

ఒకని అనుభవమును విచారించుటకు ముందు దానిని ఉన్నదున్నట్టు వినవలెను. అరవింద ఘోష్ 1872 ఆగస్టు 15న కలకత్తాలో జన్మించిరి. బాల్యమునందే ఇంగ్లండుకు పంపబడి, కేంబ్రిడ్జిలో చదివి, 1893లో స్వదేశమునకు వచ్చి బరోడా సంస్థానములో ఉద్యోగము చేసిరి. తరువాత జాతీయోద్యమములో దిగిరి.

1908 జనవరిలో బరోడాలో విష్ణు భాస్కర లేలే అను మహారాష్ట్ర యోగి చెప్పినట్టు వారు మూడు దినములు ఒక గదిలో కూర్చుండిరి. తలంపులన్నియు అణగిపోయి మనస్సు నిశ్చలమాయెననియు, లోకమంతయు నీడవలె తోచి, నామరూపములు లేని ఒకే తత్త్వము సత్యముగా నిలిచెననియు వారు తరువాత వ్రాసిరి. ఇందులో గమనింపదగిన సంగతి ఒకటున్నది. అట్టి అనుభవమును శిష్యుడు కోరలేదు, గురువును ఉద్దేశింపలేదు. లేలే అద్వైతి కాడు. వచ్చినది ఇద్దరి తలంపునకును విరుద్ధమైనది.

అదే సంవత్సరము మే 2న ఆంగ్ల ప్రభుత్వము వారిని నిర్బంధించెను. అలీపూరు చెరసాలలో ఒక సంవత్సరము గడచెను. అచ్చట వారు భగవద్గీతను చదువుచు ధ్యానము చేయుచుండిరి. విడుదలయైన పిమ్మట 1909 మే 30న ఉత్తరపారాలో చేసిన ఉపన్యాసములో, చెరసాల గోడలయందును, ఆవరణలోని చెట్టునందును, తోడి ఖైదీలయందును, విచారణ జరుపు న్యాయాధిపతియందును తాము వాసుదేవునే చూచితిమని చెప్పిరి. 1910 ఏప్రిల్ 4న వారు ఫ్రెంచి పాలనలోనున్న పుదుచ్చేరికి ఓడపై వచ్చి, 1950 డిసెంబరు 5న మరణించువరకు అచ్చటనే ఉండిరి. 1926 నవంబరు 24న కలిగిన మరియొక అనుభవముతరువాత వారు ఏకాంతములోనికి పోయిరి. ఆశ్రమము ఆ దినమునుండియే లెక్కింపబడుచున్నది.

3. అనుభవములలో రకములు

ఆత్మీయానుభవములన్నియు ఒకే తీరువి కావు. అమెరికా దేశస్థుడైన విలియం జేమ్స్ 1901, 1902 సంవత్సరములలో ఎడిన్‌బరోలో ఈ విషయముపై ప్రసిద్ధోపన్యాసములు చేసెను. లోతైన అనుభవమునకు అతడు నాలుగు గురుతులు చెప్పెను: అది మాటలకు అందదు, ఏదో తెలిసినదను నిశ్చయమును ఇచ్చును, చిరకాలము నిలువదు, మనిషి దానిని తెచ్చుకొనడు, అదియే మనిషిని పట్టుకొనును. ఆంగ్ల తత్త్వవేత్త రిచర్డ్ స్విన్‌బర్న్ 1979లో ప్రచురించిన గ్రంథములో అనుభవములను ఐదు రకములుగా విభజించెను. లేఖనములనుండి ఉదాహరణములు తీసికొనినచో వాటిని సులభముగా గ్రహింపవచ్చును.

మొదటిది: అందరు చూచు సాధారణ వస్తువునందే దేవుని చూచుట. 19వ కీర్తనకారుడు ఆకాశమును చూచి దేవుని మహిమను తెలిసికొనెను. అలీపూరు చెరసాలలోని అనుభవము ఈ తీరుకు దగ్గరది.

రెండవది: బహిరంగముగా జరిగిన అసాధారణ కార్యమునందు దేవుని చూచుట. కాలుచు కాలిపోని పొద ఇట్టిది (నిర్గమకాండము 3).

మూడవది: ఒకనికే కలిగినను మామూలు మాటలలో చెప్పగలిగినది. యోసేపు కల ఇట్టిది (మత్తయి 1:20).

నాలుగవది: ఒకనికే కలిగి, మాటలకు అందనిది. మూడవ ఆకాశమునకు కొనిపోబడినవానిగూర్చి పౌలు చెప్పినది ఇట్టిది.

ఐదవది: చూపు, వినికిడి, స్పర్శ ఏదియు లేక, లోపల నిశ్చయము మాత్రమే కలుగుట. దేవుని పిల్లలమను సాక్ష్యము ఆత్మవలన కలుగుట ఇందులో చేరును (రోమీయులకు 8:16). బరోడాలో కలిగిన నిశ్శబ్దమును కొంతవరకు ఈ వర్గములోనే చేర్చవచ్చును.

ఈ విభజనవలన తేటపడునది ఏమనగా, అనుభవముయొక్క ఆకారము దాని సత్యమును నిర్ణయింపదు. ఒకే ఆకారము వేరువేరు మతములలో కనబడును. ఇచ్చటనే ఆక్షేపణలు మొదలగును.

4. మూడు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: ఇవన్నియు శరీరమువలనను మనస్సువలనను పుట్టినవే.

మనోవిశ్లేషణ శాస్త్రమునకు మూలపురుషుడైన ఫ్రాయిడు, దేవుడు మనిషి కోరికలోనుండి పుట్టిన తండ్రి రూపమని 1927లో వ్రాసెను. అదే సంవత్సరము ఫ్రెంచి రచయిత రోమాఁ రోలాఁ అతనికి జాబు వ్రాసి, మతమునకు మూలము సముద్రమువంటి అనంతానుభూతియని చెప్పెను. అట్టి అనుభూతి తనలో కనబడదని ఫ్రాయిడు ఒప్పుకొని, అది పసిబిడ్డ తనకును తల్లికిని భేదము ఎరుగని దశయొక్క శేషమని వివరించెను. 1962లో మంచి శుక్రవారమున బోస్టను విశ్వవిద్యాలయ ప్రార్థనాలయములో వాల్టర్ పాన్కే అను వైద్యుడు ఇరువదిమంది వేదాంత విద్యార్థులలో పదిమందికి పుట్టగొడుగులలో దొరకు ఒక మందును ఇచ్చెను. మందు తీసికొన్నవారిలో ఎక్కువమంది భక్తులు వర్ణించినట్టి అనుభవములనే వర్ణించిరి.

దీనికి జవాబు కొంత కలదు. మామిడిచెట్టును చూచువాని మెదడులోను ఏదో జరుగును. అంతమాత్రమున చెట్టు లేదని ఎవరును అనరు. పౌలుకు కలిగిన దర్శనమును మూర్ఛరోగమని త్రోసివేయువారిని విలియం జేమ్స్ ఈ రీతిగానే ప్రశ్నించెను: తలంపుయొక్క పుట్టుకను చెప్పినంతమాత్రమున దాని విలువను చెప్పినట్టు కాదు, నాస్తికుని తలంపునకును మెదడే ఆధారము. పైగా ఇట్టి వివరణలన్నియు గట్టివి కావు. తలకు అయస్కాంతపు టోపీ తొడిగి దైవసన్నిధిని కలిగింపవచ్చునని కొందరు చెప్పిరి. 2005లో స్వీడన్ పరిశోధకులు ఎవరికి అయస్కాంతము పెట్టిరో ఎవరికిని తెలియకుండ పరీక్షించగా, అనుభవము అయస్కాంతమునుబట్టి కాక, సూచనలకు సులభముగా లోబడు స్వభావమునుబట్టి కలిగినట్టు కనబడెను.

అయినను ఆక్షేపణయందు బలము లేకపోలేదు. ఉపవాసము, నిద్రలేమి, గుంపు ఉద్రేకము, గంటలతరబడి పాటలు – ఇవి దేవుడు లేకయే కన్నీళ్లను వణుకును పుట్టించగలవు. కాబట్టి కన్నీళ్లు వచ్చెను గనుక దేవుడు వచ్చెనని చెప్పుట కుదరదు.

రెండవ ఆక్షేపణ: అనుభవములు ఒకదానికొకటి విరుద్ధమైన సంగతులు చెప్పును.

ఒకడు నామరూపములు లేని తత్త్వమును, మరియొకడు వాసుదేవుని, మూడవవాడు క్రీస్తును చూచితినని చెప్పును. వేరువేరు మతముల అద్భుతములు ఒకదానిని ఒకటి రద్దుచేయునని డేవిడ్ హ్యూమ్ 1748లోనే వాదించెను. శ్రీ అరవిందుల జీవితములోనే మొదటి అనుభవము లోకమును నీడవలె చూపగా, రెండవది ఆ లోకమునిండ వాసుదేవుని చూపెను. మొదటిది తుదిమెట్టు కాదని, రెంటిని కలుపు తత్త్వమును వారు కాలక్రమమున నిర్మించిరి.

అనుభవము వేరు, దానికి ఇచ్చు అర్థము వేరు అని దీనికి జవాబు చెప్పవచ్చును. చెరసాలలో గీతను చదివినవారికి వాసుదేవుని పేరును, సువార్తను చదివినవారికి క్రీస్తు పేరును అందుబాటులో నుండును. కాని ఈ జవాబు చెప్పినవాడు ఒక వెల చెల్లింపవలెను: అర్థమును ఇచ్చునది అనుభవము కాదు, ముందుగా హృదయములోనున్న వాక్యము అని ఒప్పుకొనవలెను. అప్పుడు ఆ వాక్యము సత్యమా కాదా అను ప్రశ్న అనుభవముచేత తీరదు, వేరుగా విచారింపవలసియుండును.

మూడవ ఆక్షేపణ: దానిని ఇతరులు పరీక్షింపజాలరు.

ఇది పూర్తిగా నిజము కాదు. కనబడినదానిని పరీక్షింపలేకపోయినను, చూచినవానిని పరీక్షింపవచ్చును. అతడు అబద్ధికుడా, రోగియా, ధనమునకో కీర్తికో ఆశించినవాడా, సంవత్సరములు గడచిన తరువాత అతని నడవడి ఎట్లున్నది – ఇవి అందరి కన్నులయెదుట ఉండు సంగతులు. కారణము కనబడనంతవరకు మనిషికి తోచినదానిని నమ్మవచ్చునని స్విన్‌బర్న్ వాదించెను. లోకములో ప్రతి సాక్ష్యమును ఈ రీతిగానే నమ్ముచున్నాము. అయితే ఈ మేలు అందరికిని సమానముగా చెందును. ఒక సంఘమునకు మాత్రమే చెందదు.

5. ఒకే రాయి

ఈ సంగతి ఎంత సూటియైనదో ఒక క్రైస్తవ సాధువు చరిత్రలో చూడవచ్చును. పంజాబు దేశమున సిక్కు కుటుంబములో పుట్టిన సుందర్ సింగు 1904 డిసెంబరులో సువార్తను కాల్చివేసి, కొద్ది దినములలోనే, దేవుడు తన్ను తాను చూపనియెడల రైలుపట్టాలపై ప్రాణము తీసికొందునని తెల్లవారుజామున ప్రార్థించెను. తాను కృష్ణునో బుద్ధునో ఎదురుచూడగా, వెలుగులో క్రీస్తు కనబడెనని ఆయన సాక్ష్యము. 1905లో బాప్తిస్మము పొంది, 1929లో టిబెట్టు దారిలో కనబడకుండ పోవువరకు ఆయన సాధువుగా సువార్త చెప్పెను.

ఆయనను ఆక్షేపించినవారిలో నాస్తికులు మాత్రమే లేరు. ఆస్కార్ ఫిస్టర్ అను స్విట్జర్లాండు దేశస్థుడు 1926లో ఆయనకు విరోధముగా గ్రంథము వ్రాసెను. ఫిస్టర్ ప్రొటెస్టెంటు పాదిరి, ఫ్రాయిడుకు స్నేహితుడు. పొరుగువాని అనుభవముపై విసరుటకు అరువు తెచ్చుకొన్న రాయి సొంత ఇంటి కిటికీని పగులగొట్టుట అనగా ఇదియే.

సుందర్ సింగు ఎదురుచూడని వానిని చూచెను గనుక ఆయన దర్శనము కోరికలోనుండి పుట్టలేదని విశ్వాసులు చెప్పుదురు. అది బలమైన మాటయే. కాని బరోడాలో శ్రీ అరవిందులకు కలిగినదియు ఎదురుచూడనిదే. ఈ వాదము ఒకరియందు సత్యమును స్థాపించినయెడల మరియొకరియందును స్థాపింపవలెను. అక్కడ చాలనియెడల ఇక్కడను చాలదు. అనుకొనినదే కనబడునను ఆక్షేపణను ఇది ఇద్దరియందును సడలించును. కాని అంతకుమించి ఏమియు రుజువుచేయదు. ఇచ్చి పుచ్చుకొనుటకు రెండు తూనికరాళ్లు ఉంచుకొనుట దేవునికి హేయమని సామెతల గ్రంథము చెప్పినది వ్యాపారులను గూర్చి మాత్రమే కాదు.

6. వాక్యము చూపు పరీక్షలు

అయినయెడల విశ్వాసి దేనిని ఆధారము చేసికొనవలెను? లేఖనములు అనుభవమును తృణీకరింపవు. అయితే దానిని సింహాసనముమీద కూర్చుండబెట్టవు. నాలుగు సంగతులు గమనింపదగును.

మొదటిది, సూచక క్రియ నెరవేరినను అది చాలదు. ప్రవక్త చెప్పిన గురుతు జరిగినను, అతడు ప్రజలను ఎటు నడిపించునో చూడవలెనని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము ఆజ్ఞాపించును. ప్రతి ఆత్మను నమ్మక పరీక్షింపవలెనని యోహాను చెప్పుట సంఘములోని వారికే.

రెండవది, ఫలము. 1730, 1740 దశకములలో అమెరికాలో ఉజ్జీవమును కన్నులార చూచిన జోనాథన్ ఎడ్వర్డ్స్ 1746లో భక్తిభావములనుగూర్చి గ్రంథము వ్రాసెను. ఉద్రేకము, శరీరము వణకుట, నోటినుండి ధారాళముగా మాటలు వచ్చుట, ఒక లేఖన వచనము హఠాత్తుగా మనస్సుకు తట్టుట – ఇవి దేవునివలననే కలిగెననుటకు నిశ్చయమైన గురుతులు కావు, కాదనుటకును కావు అని ఆయన తేల్చెను. అన్నిటికంటె పెద్ద గురుతు నిలకడగల క్రైస్తవ నడవడి. ఈ విషయములో పుదుచ్చేరి గురువు హెచ్చరికయు వినదగినదే. సాధకుడు సాధారణ మనస్సును దాటిన వెంటనే వెలుగులు, స్వరములు, గొప్ప ప్రేరేపణలు గల ఒక మధ్యస్థలములోనికి ప్రవేశించుననియు, అచ్చట సత్యాసత్యములు కలిసియుండుననియు, గర్వము వాటిని దేవుని ఆజ్ఞలుగా ఎంచి మోసపోవుననియు శ్రీ అరవిందులు తమ శిష్యులకు వ్రాసిరి. ఆ లేఖ 1933లో అచ్చాయెను. మార్గము వేరైనను ఇద్దరును ఎరిగిన ప్రమాదము ఒకటే.

మూడవది, వినయము. పౌలు తన పరదైసు అనుభవమును పదునాలుగు సంవత్సరములు గడచిన పిమ్మట, బలవంతముమీద, అదియు మరియొకనిగూర్చి చెప్పినట్టు చెప్పెను. వెంటనే తన శరీరములోని ముల్లునుగూర్చి మాటలాడెను. తన్ను చూచినదానినిబట్టియు తనవలన వినినదానినిబట్టియు మాత్రమే జనులు తన్ను ఎంచవలెనని ఆయన కోరిక.

నాలుగవది, బహిరంగ సాక్ష్యము. కొరింథు సంఘమునకు సువార్తను జ్ఞాపకము చేయుచు పౌలు తన దమస్కు దర్శనమును చిట్టచివర ఉంచెను. ముందుగా క్రీస్తు మరణమును, సమాధిని, పునరుత్థానమును, పేతురును, పన్నిద్దరిని, ఐదువందలకు పైబడిన సహోదరులను పేర్కొనెను (1 కొరింథీయులకు 15:3-8). వారిలో అనేకులు ఇంకను బ్రతికియున్నారని చెప్పుట అడిగి తెలిసికొనుడని చెప్పుటయే. పేతురును పరిశుద్ధ పర్వతముమీద తాను వినిన శబ్దమును చెప్పి, వెంటనే ప్రవచన వాక్యమువైపు చదువరులను త్రిప్పెను. క్రైస్తవ విశ్వాసము పిలాతు కాలమున జరిగిన సంగతిమీద ఆధారపడినది. ఆ సంగతిని ఇతర చరిత్రను విచారించినట్టే విచారింపవచ్చును, విచారింపవలెను. అనుభవము దానికి తోడుసాక్షి, పునాది కాదు.

7. అనుభవము లేనివారి సంగతి

అనుభవమును అతిగా హెచ్చించు సంఘములలో మరియొక కీడు కలుగును. శ్రీ అరవిందులు బాల్యములో ఇంగ్లండునందు ఒక ప్రొటెస్టెంటు బోధకుని ఇంట పెరిగిరి. సుమారు పది సంవత్సరముల వయస్సున వారిని బోధకుల కూటమునకు తీసికొనిపోయిరి. ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక బోధకుడు వచ్చి ఏవో ప్రశ్నలడిగెను. విసుగుతో నున్న పిల్లవాడు జవాబు చెప్పలేదు. అంతట అచ్చటివారందరు అతడు రక్షింపబడెనని కేకలువేసి దేవునికి స్తోత్రములు చెల్లించిరి. పిల్లవానికి మాత్రము ఏమియు కలుగలేదు. పెద్దవారైన పిమ్మట వారే ఈ సంగతిని శిష్యులకు చెప్పిరి.

ఆ కూటము లెక్కలో ఒక ఆత్మ చేరెను. ఆ బాలుని హృదయమును మాత్రము ఎవరును అడుగలేదు. తెలుగు సంఘములలోను సాక్ష్య కూటములు జరుగును. తారీఖును గడియను చెప్పగలవారు ముందుకు వత్తురు. చెప్పలేని యౌవనస్థుడు వెనుక వరుసలో కూర్చుండి, తాను దేవుని బిడ్డను కానేమోయని కుములును. లేదా పదిమందియెదుట సిగ్గుపడి, లేని సాక్ష్యమును కల్పించుకొనును. రెండును నష్టమే. చూడక నమ్మినవారిని ప్రభువు ధన్యులని పిలిచెను (యోహాను 20:29). వాక్యమును విని, నమ్మి, పొరుగువానికి మేలుచేయుచు నెమ్మదిగా నడుచువానికి దర్శనము లేకపోవుట లోపము కాదు.

ముగింపు

పుదుచ్చేరి ఆశ్రమపు ముంగిట శాంతి దొరికెనని చెప్పు పొరుగువానికి విశ్వాసి చెప్పవలసిన మొదటి మాట "అది భ్రమ" అని కాదు. అది అతనికి తెలియని సంగతి. అటువంటి తీర్పు తన ప్రార్థనమీద కూడ పడునని అతడు మరువరాదు. "నీకు కలిగినది చెప్పుము, వినెదను, నేను నమ్మినవాని జీవితమును మరణమును పునరుత్థానమును నీవును విచారింపుము" అనుట న్యాయమైన మాట. క్రీస్తును గూర్చి తాను నమ్మినదానిని దాచనక్కరలేదు, తగ్గింపనక్కరలేదు. త్రాసు మాత్రము ఒకటే యుండవలెను. సత్యమునకు భయపడనివాడు తన అనుభవమును ఆ త్రాసులో పెట్టుటకు వెనుదీయడు.

ధ్యానించి చర్చింపవలసిన ప్రశ్నలు

1. స్విన్‌బర్న్ చెప్పిన ఐదు రకములకు లేఖనములనుండి మరియొక్కొక్క ఉదాహరణము చెప్పుడి.
2. మూడు ఆక్షేపణలలో ఏది ఎక్కువ బలముగలది? దానికి సంఘము నిజాయితీగా ఏ జవాబు చెప్పగలదు?
3. అన్యుల అనుభవమును తూచుటకు వాడి, సొంత అనుభవమునకు వాడని రాళ్లు సంఘములో ఏవైన ఉన్నవా?
4. చెప్పుకొనదగిన అనుభవము లేని విశ్వాసిని సంఘము ఏ రీతిగా ఆదరింపవలెను?